గెలిచిన వారి పద్దులు విప్పిన ఆట

సంపాదకులకు నమస్కారం.

రెండో భాగాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. సినిమా కానీ, నవల కానీ, వీడియో గేమ్ కానీ, రెండో భాగం అంటే మొదటిదాని పేరు చెప్పుకుని చేసే వసూలు తప్ప మరొకటి కాదని వ్యాసకర్త తేల్చేశారు. సినిమాల సంగతి నాకు తెలియదు, ఆయనతో వాదించేటన్ని చూడలేదు. గేముల గురించి మాత్రం ఆయన ఒకే ఒక్క వాక్యం రాశారు, అదీ ఆడి రాసినట్టు లేదు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది. కత్తిరించక తప్పదనుకుంటే చివర కాకుండా మధ్యలో కత్తిరించండి.

నేను ఇరవయ్యేళ్లుగా లెక్కలు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. వయసు నలభై మూడు. ఈ వయసులో ఆటలేమిటని అడిగేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కనుక మీ పాఠకులు కొత్తగా అడగనక్కరలేదు. పోయిన నెలలో ‘క్రోనో క్రాస్’ అనే జపాన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ను రెండోసారి మొదలుపెట్టి చివరి దాకా ఆడాను. మొదటిసారి పంతొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడితో కలిసి ఆడాను. అప్పుడు దాన్ని తిట్టినట్టు మరే ఆటనూ తిట్టలేదు.

ఎందుకు తిట్టానో చెప్పాలంటే ముందు మొదటి భాగం సంగతి చెప్పాలి. 1995లో సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం కోసం జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ ‘క్రోనో ట్రిగ్గర్’ తెచ్చింది. ఫైనల్ ఫాంటసీ గేములను పుట్టించిన హిరోనోబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ గేములను పుట్టించిన యూజీ హోరీ, డ్రాగన్ బాల్ కామిక్స్ బొమ్మల అకిరా తోరియామా, ముగ్గురూ కలిసి కూర్చుని చేసిన ఆట అది. క్రోనో అనే కుర్రవాడు, మార్ల్ అనే రాకుమారి, లూకా అనే యంత్రాల పిచ్చి ఉన్న అమ్మాయి కాలంలో ముందుకూ వెనక్కూ తిరుగుతారు. 1999లో లావోస్ అనే జీవి భూమి లోపలి నుంచి లేచి లోకాన్ని నాశనం చేస్తుందని తెలుసుకుంటారు. 2300లోకి వెళ్లి ఆ శిథిలాలను కళ్లారా చూస్తారు. తిరిగొచ్చి లావోస్‌ను చంపుతారు, లోకం బాగుపడుతుంది. బాణసంచా, బెలూన్లు, ఆనందం. తప్పు పట్టడానికి ఏమీ లేని ఆట. నేను ఇప్పటికీ పట్టను.

దాని తరువాత 1999 నవంబర్ 18న ‘క్రోనో క్రాస్’ జపాన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది ఆగస్టులో అమెరికాలో. తోరియామా బొమ్మలు లేవు. క్రోనో లేడు. కాలంలో ప్రయాణించే ఓడ లేదు. దర్శకత్వమూ రచనా మసాతో కాటోవి. మొదటి ఆటలో ఆకాశంలో తేలే జీల్ రాజ్యం కథ రాసింది ఆయనే. సంగీతం మాత్రం మళ్లీ యసునోరి మిత్సుదాదే. పాత స్నేహితులను కలుసుకోవడానికి వెళితే తలుపు తీసింది ఎవరో తెలియని మనిషి. మా తమ్ముడైతే మొదటి గంటలోనే “అక్కా, మనం వేరే ఇంటికి వచ్చాం” అన్నాడు.

నిజానికి ఆట మొదలయ్యేదీ అలాగే. పదిహేడేళ్ల సెర్జ్ ఎల్ నిడో అనే ద్వీపాల గుంపులో ఆర్నీ అనే జాలరి పల్లెలో ఉంటాడు. లీనా అనే అమ్మాయి హారం చేసుకోవడానికి బల్లి పొలుసులు తెచ్చిపెట్టమంటుంది. తెచ్చి, సముద్రపు ఒడ్డున ఆమెను కలుసుకున్నప్పుడు అలలు తెరలా లేచి అతన్ని మింగేస్తాయి. కళ్లు తెరిస్తే అదే ఒడ్డు, అదే పల్లె, అవే గుడిసెలు. అతన్ని ఎరిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. లీనాను పలకరిస్తే ఆ పేరుగల పిల్లవాడు పదేళ్ల కిందటే చనిపోయాడంటుంది. కొండకొమ్ము మీదికి వెళితే అక్కడ ఒక సమాధి, దాని మీద తన పేరు.

పంతొమ్మిదేళ్లప్పుడు ఈ దృశ్యం దగ్గర మేము ఆగలేదు. వెంటనే సైనికులు వస్తారు, పోరాటం మొదలవుతుంది, కిడ్ అనే దొంగపిల్ల ఎక్కడినుంచో దూకి వచ్చి కాపాడుతుంది. ఆ హడావిడిలో సమాధి వెనకబడిపోయింది. ఈసారి ఆ పేరు మళ్లీ చదివాను, మళ్లీ వెనక్కి దిగి పల్లెలోకి నడిచి ప్రతి తలుపూ తట్టాను. కొడుకు చనిపోయిన ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఇంటి రూపు అదే. ఎవరి మాటలోనూ కోపం లేదు, ఏడుపు లేదు. ఉన్నది పరాయివాడితో మాట్లాడే మర్యాద. ఒక మనిషి లేకుండా పదేళ్లు గడిచిన ఊరు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

పాతికేళ్లు దాటిన ఆట కనుక కథ దాచకుండా చెబుతున్నాను. ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగవచ్చు.

ఈ కథలో లోకాలు రెండు: సెర్జ్ బతికి పెరిగినదొకటి, చిన్నప్పుడే చనిపోయినదొకటి. ఆటలో ఒకచోట కిడ్‌కు విషం ఎక్కుతుంది. విరుగుడు హైడ్రా అనే జంతువు శరీరంలోనే దొరుకుతుంది. అతను చనిపోయిన లోకంలో హైడ్రాలు అంతరించాయి. సెర్జ్ పెరిగిన లోకంలో మాత్రం చిత్తడి నేలల్లో ఇంకా ఉంది. ప్రాణాలకు తెగించి వెళతావా అని ఆట నేరుగా అడుగుతుంది: వెళతాను, వెళ్లను. రెండే జవాబులు. దీని మీద మా ఇంట్లో ఒక రాత్రంతా గొడవ జరిగింది. వెళితే ఒక రకం తోడు దొరుకుతుంది, వెళ్లకపోతే గ్లెన్ అనే మంచి కత్తివీరుడు వస్తాడు. ఈ ఆటలో మనతో చేరగలవాళ్లు 45 మంది. ఇలాంటి ఎంపికల వల్ల అందరూ ఒకే ఆటలో దొరకరు. అందుకే అది మాకు మనుషుల ప్రశ్న కాలేదు, లాభనష్టాల ప్రశ్నయింది. ఒకరు కిడ్ అన్నారు, ఒకరు గ్లెన్ అన్నారు. చివరికి కిడ్ కోసమే వెళ్లాం.

వెళ్లి హైడ్రాను చంపితే ఏమవుతుందో మాత్రం నాకు గుర్తులేదు. ఈసారి ఆడితే తెలిసింది. ఆ చిత్తడి నేలల్లో మరుగుజ్జులు ఉంటారు. హైడ్రా ఉన్నంతకాలం ఆ నేల వాళ్లది. అది చచ్చాక వాళ్లు చోటు విడిచి బయలుదేరి నీటి డ్రాగన్ దీవి మీద పడి అక్కడి అప్సరసలను చంపుతారు. మనం కథలో ముందుకెళ్లి ఎప్పటికో ఆ దీవిలో అడుగుపెట్టేసరికి నేల మీద శవాలుంటాయి, మిగిలినవాళ్లు మనల్ని తిడతారు. మరుగుజ్జుల నోటా అదే మాట: ఇదంతా మనుషులు చేసిందే. కత్తి దూసి వాళ్లతో పోరాడి గెలవాలి. గెలిచినందుకు బహుమానమూ ఉంది. ఆ బహుమానం తీసుకుంటూ ఉంటే నాకు ఒళ్లు చిరచిరలాడింది. ఇంతకంటే విచిత్రమేమిటంటే, వెళ్లను అని జవాబిచ్చినా కిడ్ బతుకుతుంది. ఆ సంగతి తెలిశాక ఆ రాత్రి గొడవ తలచుకుని నవ్వు కూడా రాలేదు.

మొన్న ఫోనులో మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. “కిడ్ కోసం వెళదామని పట్టుబట్టింది నువ్వే కదా అక్కా, నేను గ్లెన్ కావాలన్నాను” అన్నాడు. కాదు, కిడ్ కావాలన్నది వాడే. ఇద్దరం గట్టిగానే చెప్పుకున్నాం. తేల్చడానికి సాక్ష్యం లేదు. ఆట దాచుకున్న ఆ మెమరీ కార్డు ఎప్పుడో పోయింది, ఉన్నా అందులో ఎవరు ఏమన్నారో ఉండదు కదా.

ఆట నడిచే తీరు గురించీ రెండు మాటలు చెప్పాలి, అది కథకు వేరుగా లేదు. చిన్నచిన్న శత్రువులను వందలకొద్దీ కొట్టి బలం పెంచుకునే పద్ధతి ఇందులో లేదు. పెద్ద పోరాటాలు గెలిస్తేనే నక్షత్రాలు వస్తాయి, అసలైన ఎదుగుదల వాటితోనే. ఏ పోరాటం నుంచైనా పారిపోవచ్చు. ఒక్కొక్కరికి ఏడు పాయింట్ల ఓపిక ఉంటుంది, దెబ్బను బట్టి ఒకటి, రెండు, మూడు చొప్పున తరుగుతుంది. మంత్రం వేస్తే ఒక్కసారిగా ఏడూ పోతాయి. సున్నా కంటే కిందికీ దిగవచ్చు. అప్పు చేసినట్టే, తరువాత తీరేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. అమర్చుకున్న మంత్రం ఒక పోరాటంలో ఒక్కసారే పనిచేస్తుంది. కుర్రతనంలో ఇది చిరాకు పెట్టింది. ఇప్పుడు ఉన్నది ఇంతే, చూసి ఖర్చుపెట్టు అనే ఈ పద్ధతి నాకు ఎంతో మర్యాదగా అనిపించింది.

సగం దారిలో లింక్స్ అనే చిరుతపులి మొహం ఉన్న విలన్ సెర్జ్ శరీరాన్ని లాక్కుని తన శరీరాన్ని అతనికి అంటగడతాడు. సెర్జ్ మొహంతో కిడ్‌ను పొడుస్తాడు. అప్పటిదాకా చేర్చుకున్న జట్టంతా పోతుంది. మనం పులి మొహంతో, విదూషకి వేషంలో ఉండే హార్ల్ తోడుగా, సొంత పల్లెకు వెళ్లాలి. అక్కడ ఊరి పెద్ద రేడియస్ కర్ర పట్టుకుని మీదికి వస్తాడు. కొట్టుకున్నాక గానీ లోపల ఉన్నది తన ఊరి కుర్రవాడని గుర్తించడు. ఆ లింక్స్ శరీరం అసలు ఎవరిదో తరువాత తెలుస్తుంది: సెర్జ్ తండ్రిది. దీని గురించి ఎక్కువ రాస్తే మిగతాదానికి చోటుండదు.

నేను చెప్పదలచుకున్నది మృత సముద్రం గురించి.

సెర్జ్ పెరిగిన లోకంలో సముద్రం మధ్య ఒక చోటు ఉంటుంది. అలలు లేచినవి లేచినట్టే గడ్డకట్టి నిలిచిపోయి ఉంటాయి. లోపల కూలిపోయిన నగరం, విరిగిన రహదారులు, వెలుతురు లేని దుకాణాలు. మొదటి ఆట ఆడినవాళ్లకు ఆ చోటు ఎక్కడో చూసినట్టుంటుంది. చూసిందే. 2300లో మన క్రోనో వాళ్లు చూసి, గుండె చెదిరి, ఇది జరగనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్న భవిష్యత్తు అది. వాళ్లు గెలిచారు కనుక అది జరగలేదు. జరగనిదంతా ఇక్కడికి వచ్చి పేరుకుంది. దాని నడుమ ఒక పెద్ద గంట ఉంటుంది, నాడియా గంట. మొదటి ఆట ముగింపులో రాజు తన కూతురి పేరు మీద పెట్టించిన గంట. సంబరంలో చూసిన గంట ఇక్కడ బూడిద రంగులో కనిపించేసరికి కంట్రోలర్ పక్కన పెట్టి లేచి కాస్త నడిచాను.

ఆ గంట దగ్గర మిగెల్ ఉంటాడు. లీనా తండ్రి. చిన్నతనంలో సెర్జ్‌ను పడవలో తీసుకెళ్లినప్పుడు సెర్జ్ తండ్రితో పాటు వెళ్లి, ఇక తిరిగిరానివాడు. ఆ చోటుకు కాపలాగా ఉండిపోయాడు. మనల్ని చూసి ఉరమడు, అరవడు. చాలాకాలానికి ఊరివాడు కనిపిస్తే మాట్లాడినట్టు నింపాదిగా మాట్లాడతాడు. చిన్నపిల్లల రూపంలో క్రోనో, మార్ల్, లూకా నీడలు కూడా వస్తాయి. ఆ సంభాషణ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మీరు చరిత్ర మార్చారు, లోకాన్ని కాపాడారు, సరే. మరి మార్చడం వల్ల పుట్టకుండా పోయిన వాళ్ల సంగతేమిటి?

2300లో గుమ్మటాల కింద ఆకలితో బతికే మనుషులను మొదటి ఆటలో మేమూ కలిశాం. వాళ్లతో మాట్లాడాం, విత్తనం మొలకెత్తవచ్చని వాళ్లకు ఆశ కల్పించాం. లావోస్‌ను చంపి ఆ భవిష్యత్తునే తుడిచేసినప్పుడు వాళ్లూ తుడిచిపెట్టుకుపోయారు. ఆ మాట మాకు ఎప్పుడూ తోచలేదు. ఆటా చెప్పలేదు. బాణసంచా కాల్చింది.

మా వృత్తిలో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఎక్కడిదో, ఎందుకో తేలని మొత్తాలను తాత్కాలికంగా అందులో వేస్తారు. ఏడాది చివర పుస్తకాలు మూయాలనే తొందరలో అందులో ఎంతైనా దాచేయవచ్చు. పైకి లెక్క సరిపోతుంది, అందరూ చేతులు కలుపుకుంటారు. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు వచ్చి ఆ ఖాతా తెరిచి, ఇది ఎవరిది అని అడుగుతారు. చాలా సందర్భాల్లో ఆ అడిగే మనిషిని నేనే. నన్ను చూసి ఎవరూ సంతోషించరని నాకు తెలుసు. ‘క్రోనో క్రాస్’ వచ్చినప్పుడు నేనూ సంతోషించలేదు. క్రోనో వాళ్లు నా మనుషులు, వాళ్ల పుస్తకాలు మూసి సంతకాలు కూడా అయిపోయాయి, మధ్యలో నువ్వెవరివి అనిపించింది.

మిగెల్‌తో పోరాటం తప్పదు. అన్ని పెద్ద పోరాటాలకూ దడదడలాడే సంగీతం పెట్టిన మిత్సుదా ఇక్కడ మాత్రం మెల్లగా, దాదాపు జోలపాటలా, బాధగా సాగే బాణీ ఇచ్చాడు. చేతులు కత్తి తిప్పుతుంటాయి, చెవులు వద్దంటుంటాయి. అప్పట్లో మేము ఆ పోరాటంలో రెండుసార్లు ఓడిపోయి, మూడోసారి గెలిచి ఎగిరాం. ఈసారి మొదటిసారే గెలిచాను, ఎగరలేదు. గెలిచాక మిగెల్ పోతాడు, ఆ సముద్రం కూలిపోతుంది. మనం చేసిన పనికి మిగిలిన ఏకైక సాక్షిని కూడా మన చేతులతోనే తీసేసినట్టయింది.

ఇంత పొగిడాను కనుక లోపాలు కూడా చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం. 45 మందిలో ముప్పై మందికి చెప్పుకోదగ్గ కథే లేదు. పుట్టగొడుగు మనిషి ఉన్నాడు, గడ్డిబొమ్మ ఉంది, ఎముకల విదూషకుడు ఉన్నాడు. చేరతారు, తమ యాసలో ఒక మాట అంటారు, వరసలో వెనక్కి పోతారు. గైల్ అనే మాంత్రికుణ్ని మొదటి ఆటలోని మేగస్ అనే మాంత్రికుడిగా చేయాలని ముందు అనుకుని, ఇంత గుంపులో ఆ కథకు న్యాయం జరగదని మానుకున్నారు. మానుకోవలసింది గుంపును అని నా అభిప్రాయం. ఇక కథ చివరి భాగంలో ఎవరో ఒకరు నిలబడి గడియారం, డ్రాగన్లు, భవిష్యత్తు నగరం అంటూ పేజీలకు పేజీలు వివరిస్తూ పోతారు. పంతొమ్మిదేళ్లప్పుడు అర్థం కాలేదు. నలభై మూడేళ్లకు కాగితం మీద గీతలు గీసుకుంటే అర్థమైంది. అలా గీసుకోవలసి రావడం ఆట తప్పే.

నేను ఈసారి ఆడింది 2022 ఏప్రిల్ 7న వచ్చిన ‘ది రాడికల్ డ్రీమర్స్ ఎడిషన్’. శత్రువులు ఎదురుకాకుండా ఆపేసే సదుపాయం అందులో ఉంది. రెండు రోజులు వాడి మానేశాను, ఖాళీ వీధిలో నడిచినట్టుంది. దానితో పాటు 1996లో జపాన్‌లో ఉపగ్రహం ద్వారా ప్రసారమైన ‘రాడికల్ డ్రీమర్స్’ అనే చిన్న ఆటను కూడా ఇచ్చారు. అంతా చదువుకుంటూ పోయేదే. సెర్జ్, కిడ్ పేర్లు మొదట పుట్టింది అందులో. అదొకటి ఉందని మాకు అప్పట్లో తెలియదు.

మీ వ్యాసకర్తకు నా విన్నపం ఒక్కటే. గేమ్ విడుదలైన వారంలో వచ్చే మార్కులను చూసి రెండో భాగాల గురించి రాయకండి. వాటిలో ఒక్కదాన్నయినా రెండోసారి ఆడి రాయండి. ‘క్రోనో క్రాస్’ కొత్తగా వచ్చినప్పుడు నన్ను అడిగి ఉంటే, ఆయన రాసిన వాక్యమే నేనూ రాసి ఉండేదాన్ని.

చివరి పోరాటం సంగతి చెప్పి ముగిస్తాను. కాలాన్ని తినేసే ఆ చివరి శత్రువులో షాలా చిక్కుకుని ఉంటుంది. మొదటి ఆటలో జీల్ రాజ్యం మునిగినప్పుడు కనిపించకుండా పోయిన రాకుమారి. ఆ ఆటలో ఇక దొరకని మనిషి. శత్రువును మామూలుగా కొట్టి కూడా చంపవచ్చు. మేము 2001లో అదే చేశాం. చంపాం, ఆట చప్పున ముగిసింది, ఇంతేనా అని తెర ముందు మొహాలు చూసుకున్నాం. అసలు మార్గం వేరు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు, ఈ క్రమంలో మంత్రాలు వేయాలి. ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలుకుతుంది. ఆరూ వరసగా పలికాక ఆట పేరే ఉన్న క్రోనో క్రాస్ అనే మంత్రాన్ని వాడాలి. చిక్కేమిటంటే, మధ్యలో శత్రువు కూడా తన రంగు వేస్తుంది, వరస చెడుతుంది. నేను నాలుగుసార్లు తప్పాను. ఒకసారి నలుపు దాకా వచ్చి తెలుపు వేయబోతుంటే అది ఎరుపు వేసింది. ఓపికపట్టి, దెబ్బలు తింటూ, ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టకుండా దాని వంతు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఐదోసారి ఆరు స్వరాలూ పలికాయి.

షాలా విడుదలైంది. సెర్జ్ మొదట్లోని ఒడ్డు మీదే లేచాడు, పక్కన లీనా ఉంది. ఆ తరువాత తెర మీద బొమ్మలు పోయి నిజమైన చిత్రాలు వచ్చాయి: ఇప్పటి కాలపు నగరం, నిజమైన జనం, ఆ జనంలో ఎవరి కోసమో వెతుక్కుంటూ నడిచే ఒక అమ్మాయి. ఎవరి కోసమో చెప్పరు. రాత్రి ఒంటిగంటయింది. మా తమ్ముడు ఉండే చోట అప్పటికి ఇంకా పొద్దు ఉంటుందని ఫోను చేశాను. “షాలా బయటికొచ్చింది” అన్నాను. కాసేపు మాట లేదు. తరువాత, “మనం చంపేశాం కదా అక్కా ఆ రోజు” అన్నాడు.

ఇట్లు,
లెక్కలు చూసుకునే ఒక పాఠకురాలు